వెంట్రుకవాసి సందులో వెనక ఇరుసు

నాలుగు రోడ్ల కూడలిలో కారు ఎడమకు తిరిగిందనుకుందాం. వెనక చక్రాల మధ్య ఎడం మీటరున్నర అయితే, ఆ లంబకోణపు మలుపులో కుడి చక్రం ఎడమ చక్రం కన్నా దాదాపు 2.36 మీటర్లు ఎక్కువ దొర్లాలి. మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ లెక్క మారదు. రెండు చక్రాలనూ ఒకే ఇనుప కడ్డీకి బిగించేస్తే ఆ తేడా టైర్లను ఈడ్చి అరగదీస్తుంది. ఎడ్లబండికి ఈ బాధ లేదు, దాని చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. చక్రాలను ఇరుసే తిప్పాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది.

దాన్ని విప్పినవాడు ఫ్రాన్సులో గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెకర్. 1820ల చివర్లో తన ఆవిరి బండి కోసం ఇరుసును నడిమికి రెండు ముక్కలు చేసి, మధ్యలో చిన్న పళ్లచక్రాలు పెట్టాడు. బండి తిన్నగా పోతున్నంతసేపూ అవి తమ చుట్టూ తాము తిరగవు, ఇరుసుతో కలిసి తిరుగుతాయి. మలుపులో మాత్రం తమ చుట్టూ తాము తిరిగి, ఒక వైపు తగ్గిన వేగాన్ని రెండో వైపు కలుపుతాయి. మెకానిక్కులు స్టార్ గేర్లనేవి ఇవే, మొత్తం అమరిక పేరు డిఫరెన్షియల్. 1877లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ ఈ అమరికను తొక్కుడు బండికి తెచ్చాడు. స్టార్లీ, అతని కొడుకు పక్కపక్కన కూర్చుని తొక్కుతుంటే కుర్రవాడి కాళ్ల బలానికి బండి ఒక పక్కకు లాగి బోల్తా కొట్టిందని, ఆ దెబ్బతోనే ఈ ఆలోచన పుట్టిందని చెప్పుకుంటారు. కథ ఎంత నిజమో గానీ, స్టార్లీ బండ్లను 1881లో విక్టోరియా రాణి తెప్పించుకున్న మాట నిజం. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు తీసుకున్న మోటారు బండిలోనూ డిఫరెన్షియల్ ఉంది.

పని నెరవేరింది గానీ గోల మిగిలింది. ఇంజను నుంచి పొడవునా వచ్చే షాఫ్టు తిరుగుడును అడ్డంగా మళ్లించేవి రెండు: షాఫ్టు కొసన చిన్న పినియన్, దానితో కలిసే పెద్ద క్రౌన్. శంకువు ఆకారంలో ఉండే ఈ చక్రాలకు పళ్లు కోయడం అంత తేలిక కాదు. అమెరికాలోని రాచెస్టర్‌లో విలియం గ్లీసన్ 1874లో అందుకు యంత్రం తయారుచేశాడు. ఆ యంత్రాలను ఐరోపా దాకా వెళ్లి అమ్ముకొచ్చింది ఆయన కూతురు కేట్. యంత్రం కనిపెట్టింది ఆమేనని చాలామంది అనుకునేవారు, ఘనత తండ్రిదేనని ఆమె చెప్పేది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యత్వం పొందిన తొలి మహిళ కూడా ఆమే, 1914లో.

తిన్నగా కోసిన పన్ను మొత్తం ఒకేసారి ఎదుటి పన్నుకు తగులుతుంది. వేగం పెరిగితే అదే కూత. 1913లో ప్యాకార్డ్ కార్లలో పళ్లు వంపు తిరిగాయి, ఒక కొస నుంచి మరో కొసకు జారుతూ తగలడంతో గోల తగ్గింది. 1925లో గ్లీసన్ కంపెనీ పినియన్‌ను క్రౌన్ నడిమధ్యకు గురిపెట్టకుండా కాస్త కిందికి దించే పద్ధతి తెచ్చింది. అదే హైపాయిడ్. మరుసటి ఏడాది ప్యాకార్డే దాన్ని వాడింది. పినియన్ దిగితే షాఫ్టు దిగింది, షాఫ్టు దిగితే కారు నేల దిగింది. అయితే హైపాయిడ్ పళ్లు దొర్లడంతో సరిపెట్టుకోవు, ఒకదాని మీద ఒకటి గట్టిగా రాసుకుంటాయి. మామూలు నూనె పొర ఆ ఒత్తిడికి తెగిపోతుంది. అందుకని నూనెలో గంధకపు రసాయనాలు కలిపారు. వేడెక్కిన చోట గంధకం ఇనుముతో కలిసి పలచని పొర కడుతుంది, పళ్లు అంటుకుపోకుండా ఆపుతుంది. ఈ గేర్లుండే పెట్టె, అంటే హౌసింగ్, మూత తీయగానే ముక్కు పగలగొట్టే కంపు దానిదే.

ఇంత కథలోనూ రావాల్సినంత పేరు రానిది బేరింగుకే. క్రౌన్, పినియన్ తిరుగుతూనే ఒకదాన్నొకటి పక్కకు తోసుకుంటాయి. ఈ తోపును తట్టుకునే బేరింగు 1898లో సెయింట్ లూయిస్‌లో గుర్రబ్బండ్లు చేసే హెన్రీ టిమ్కెన్ పేరిట పేటెంటయింది. అందులో ఒక కొసకు సన్నబడే రోలర్లుంటాయి. బరువునూ మోస్తాయి, పక్క తోపునూ కాస్తాయి.

మారుతి 800 లాంటి కార్లలో ఇంజనే అడ్డంగా కూర్చుంది, తిరుగుడును మళ్లించే పని పోయింది, క్రౌన్ పినియన్ కూడా పోయింది. డిఫరెన్షియల్ మాత్రం గేరుబాక్సులోకి మారి బతికింది. వెనక చక్రాలతో నడిచే బొలెరోలు, ఇన్నోవా క్రిస్టాలు, లారీలు ఉన్నంతకాలం విజయవాడ ఆటోనగర్‌లో హౌసింగులు దిగుతూనే ఉంటాయి.

అమెరికాలో ఈ విప్పి బిగించే పని ఇంటి షెడ్లలోనే చేసుకునేవాళ్లు బోలెడుమంది. వాళ్లకు బాగా అలవాటైన వాటిలో ఒకటి ఫోర్డ్ 8.8, పాత మస్టాంగ్ కార్ల కింద ఉండే ఇరుసు. ఆ అంకె క్రౌన్ వ్యాసం, అంగుళాల్లో. ఏది చెడిందో ముందు చెవి చెబుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడొక రకంగా, వదిలినప్పుడొక రకంగా ఏడిస్తే పళ్లమీద అనుమానం. తొక్కినా వదిలినా కారు వేగాన్ని బట్టే గుర్రుమంటుంటే బేరింగు మీద. కొందరు చెడకుండానే మారుస్తారు, 37 పళ్ల క్రౌన్, 12 పళ్ల పినియన్ తీసేసి 41, 11 జత వేస్తారు. షాఫ్టు 3.08 చుట్లు తిరిగితే ఒక చుట్టు తిరిగే చక్రానికి ఇకపై 3.73 చుట్లు కావాలి. పికప్ పెరుగుతుంది, హైవే మీద పెట్రోలు ఖర్చూ పెరుగుతుంది.

విప్పడం ఏమంత గొప్ప కాదు. కారును స్టాండ్ల మీద నిలిపి, మూత తీసి నూనె వంపి, ఇరుసు కడ్డీలు లాగి, బేరింగు క్యాపులు విప్పితే క్రౌన్ బయటికొస్తుంది. ఆ క్యాపులు ఏ వైపువి ఆ వైపే పడాలి, అందుకని ముందే పంచ్‌తో గుర్తు కొడతారు. అసలు పరీక్ష బిగింపులో ఉంది. పినియన్ ఎంత లోపలికి ఉండాలో తేల్చేది దాని తల దగ్గర బేరింగు కింద పడే పలచని షిమ్. షిమ్ మార్చినప్పుడల్లా ప్రెస్సుతో ఎక్కించిన బేరింగును ఊడబెరకాలి. దీనికి ఇంటి మెకానిక్కులు మంచి ఉపాయం పట్టారు. అదే సైజు పాత బేరింగు లోపలి రంధ్రాన్ని అరగదీసి వదులు చేసుకుంటారు, అది చేత్తోనే ఎక్కి దిగుతుంది. అన్నీ కుదిరాకే కొత్తది ఎక్కుతుంది.

కుదిరిందని చెప్పేది రంగు. క్రౌన్ పళ్లకు పసుపు రంగు పేస్టు పూసి, చేత్తో కాస్త అడ్డుకుంటూ తిప్పితే పినియన్ తగిలిన చోట అచ్చు పడుతుంది. అచ్చు పన్ను అంచుకు ఎక్కితే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదట్లోకి దిగితే మరీ దగ్గరైనట్టు. తర్వాత డయల్ గేజీతో పళ్ల మధ్య సందు చూస్తారు. చాలా కార్లకు అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు, రెండు కాగితాల మందం. తగ్గితే వేడికి పళ్లు పట్టేస్తాయి, పెరిగితే ఠకఠకలు.

ఇక క్రష్ స్లీవ్. రెండు పినియన్ బేరింగుల నడుమ ఉండే ఈ గొట్టం నట్టు బిగిస్తే నలిగి, బేరింగులకు కావలసిన బిగువు ఇస్తుంది. రెంచికి పొడుగాటి పైపు తగిలించి ఒళ్లంతా వేలాడినా మొదట కదలదు. నలగడం మొదలయ్యాక మాత్రం పిసరంత తిప్పుకే బిగువు మారిపోతుంది. మించిందని నట్టు వెనక్కి వదిలితే కుదరదు, స్లీవ్ పారేసి కొత్తది వేయాల్సిందే.

కొత్త జతను మొదట పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనిస్తారు, అలా కొన్నిసార్లు. దాదాపు 800 కిలోమీటర్లకు నూనె మారుస్తారు. అందులో బూడిద రంగు పొడి కనిపించడం మామూలే. వేలికి గుచ్చుకునే ముక్కలొస్తే మాత్రం మళ్లీ క్రౌన్ దించాలి.