గాలికుంటు లెక్క: ఒక పశువు లెక్క కాదు, ఊరి లెక్క

గాలికుంటు టీకాలు వేసే రోజు పాల కేంద్రం దగ్గర తరచు వినిపించే మాట ఒకటుంది: “నా బర్రె బాగానే ఉంది. సూది వేస్తే రెండు రోజులు పాలు తగ్గుతాయి. నాకెందుకు?” ఆ మాటలో అబద్ధం లేదు. సూది వేసిన తరువాత కొన్ని పశువులకు కొద్దిగా జ్వరం రావడం, ఒకటి రెండు రోజులు పాలు తగ్గడం కద్దు. కాని ఆ రైతు వేసుకున్నది ఒక పశువు లెక్క. వ్యాధి వేసేది ఊరి లెక్క. ఈ రెండింటికీ గల తేడాను సభ్యులకు వివరించడమే మా ఉద్దేశం. గుణకారం, భాగహారం వస్తే చాలు.

వ్యాధి ఎలా పెరుగుతుంది?

జబ్బు పశువు చొంగలోను, గిట్టల పుండ్లలోను, పాలలోను వైరస్ ఉంటుంది. నోటిలో బొబ్బలు కనబడక ముందే అది వెలువడడం మొదలవుతుంది. అందుచేత మనం గుర్తించేసరికే అది పక్క కొట్టానికి చేరి ఉండవచ్చు.

ఒక జబ్బు పశువు ఎన్నింటికి అంటిస్తుందన్నది మూడు సంగతులను బట్టి ఉంటుంది: అది రోజూ ఎన్ని పశువులను కలుస్తుంది, కలిసినప్పుడు అంటే అవకాశం ఎంత, ఎన్ని రోజులు అంటిస్తుంది. ఈ మూడింటినీ గుణిస్తే వచ్చే అంకెయే వ్యాధి బలం.

ఉదాహరణకు 300 పశువులున్న ఊరిలో ఆ అంకె 3 అనుకుందాం. ఒకటి మూడింటికి, మూడు తొమ్మిదింటికి, తొమ్మిది ఇరవై ఏడింటికి అంటిస్తాయి. ఒక్కొక్క విడతకు వారం పడుతుందనుకుంటే, మొదటి మూడు వారాలు “ఏవో కొన్ని పశువులకే” అనిపిస్తుంది. నాలుగో వారంలో ఒక్కసారిగా 80 దాకా పడుకుంటాయి. తరువాత సోకని పశువులు తగ్గిపోవడం వలన వ్యాధి తనంతట తాను నెమ్మదిస్తుంది. అప్పటికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఈ లెక్క ఎక్కడిది?

1866లో ఇంగ్లండులో ముసర వ్యాధి పశువులను ఊడ్చివేస్తున్నప్పుడు, విలియం ఫార్ అనే గణాంకవేత్త నెలనెలా వచ్చే అంకెలను పరిశీలించి, పెరుగుదల వేగం తగ్గుతున్నదని, వ్యాధి త్వరలో దిగిపోతుందని పత్రికకు వ్రాశాడు. అంకెలు సరిగ్గా కలవకపోయినా వ్యాధి దిగిపోయింది.

1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్ కూడ ఈ దారి వేసినవారిలో ముఖ్యుడు. దోమలన్నింటినీ చంపనక్కరలేదని, ఒక హద్దు కిందికి తగ్గిస్తే మలేరియా నిలవదని ఆయన లెక్క కట్టి చూపాడు. మన దేశంలో వైద్య సర్వీసులో పనిచేసిన మెకెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధుల సూత్రాన్ని ప్రకటించి, దానిని 1905-06 బొంబాయి ప్లేగు అంకెలతో సరిచూశాడు. నేటి పశువ్యాధుల లెక్కలకు ఆ సూత్రమే పునాది.

ఎన్ని పశువులకు సూది పడాలి?

మన ఉదాహరణకే వద్దాం. జబ్బు పశువు కలిసే మూడింటిలో రెండింటికి రక్షణ ఉంటే, వ్యాధి ఒక్కదానికే అంటుతుంది. అంటే పెరగదు. 300లో 200 పశువులకు రక్షణ కావాలన్నమాట. కాని సూది వేసిన ప్రతి పశువుకూ పూర్తి రక్షణ రాదు. నూటికి 80కే వచ్చిందనుకుంటే, 200కు రక్షణ రావడానికి 250కి సూది వేయాలి. వ్యాధి తగ్గాలంటే అంతకు మించి వేయాలి. మిగిలే 50 లోపు స్థానం నాలుగు నెలలు నిండని దూడలకే సరిపోతుంది. “నా ఒక్కదానికి వేయకపోతే ఏం?” అనడానికి చోటు లేదు.

మరొక చిక్కు ఉంది. సూది వేయనివన్నీ ఒకే వాడలో ఉంటే ఊరి సగటు ఎంత బాగున్నా లాభం లేదు. ఆ వాడ ఎండు గడ్డివాము వంటిది.

బోధన్ ప్రాంతంలో

1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఒకప్పుడు చెరకు బండ్ల ఎడ్లు ఊరూరి నుండి వచ్చి ఒకచోట నిలిచేవి. పది ఊళ్ల పశువులు కలిసేవి. నేడు ఆ పని అంగళ్లు చేస్తున్నాయి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర. పశువులు అటూ ఇటూ పోతుంటాయి. వరి కోతల తరువాత మేతకు వచ్చే గొర్రెల మందలలో వ్యాధి ఉన్నా పైకి అంతగా కనబడదు. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గొర్రెలు, మేకలను కూడ చేర్చడానికి కారణం ఇదే.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

2001లో బ్రిటనులో గాలికుంటు వచ్చినప్పుడు ఇటువంటి లెక్కల ఆధారంగా, జబ్బు ఉన్న క్షేత్రాల పక్కనున్న ఆరోగ్యమైన పశువులను సైతం చంపారు. మొత్తం 60 లక్షలకు పైగా పశువులు పోయాయి. అంత అవసరమా అన్న వాదన ఆ తరువాత కూడ సాగింది. లెక్క మన చేతి పనిముట్టు మాత్రమే. పోసిన అంకెలను బట్టే ఫలితం. బెంగళూరులోని నివేది సంస్థ జిల్లాలవారీగా రెండు నెలల ముందే పశువ్యాధుల హెచ్చరికలు ఇస్తున్నది. ఊరిలో వ్యాధిని దాచిపెడితే ఆ హెచ్చరికకు ఆధారమే ఉండదు.

సభ్యులు చేయవలసినవి

1. ఆరు నెలలకొకసారి అన్ని పశువులకు ఒకే విడతలో సూది వేయించాలి. మొదటిసారి వేసిన దూడకు నెల తరువాత మళ్లీ వేయించాలి.
2. చొంగ, కుంటు కనబడిన రోజే పశువైద్యునికి తెలుపాలి. పశువును వేరు చేయాలి. దాని పాలు దూడకు తాగించరాదు, కేంద్రానికి పోయరాదు.
3. జబ్బు పశువును అంగడికి తోలరాదు. కొన్న పశువును మూడు వారాలు వేరుగా కట్టాలి.
4. పది లీటర్ల నీటికి 400 గ్రాముల బట్టల సోడా కలిపి కొట్టం కడగాలి.

పశువులు కలవడం సగానికి తగ్గిస్తే 3 కాస్తా ఒకటిన్నర అవుతుంది. జబ్బు పశువును త్వరగా వేరు చేసి, అంటించే రోజులనూ సగం చేస్తే ముప్పావు అవుతుంది. ఒకటి కంటే తగ్గిందంటే వ్యాధి ఆరిపోతుంది. ముసర వ్యాధి ఇలాగే పోయింది. మన దేశంలో చివరి కేసు 1995లో వచ్చింది. 2011లో ప్రపంచమంతా దాని నుండి విముక్తి పొందినట్లు ప్రకటించారు. పశువులున్న ఊళ్లు కలిసి చేసిన పని అది. గాలికుంటు విషయంలోనూ మన సంఘాలు ఆ పని చేయగలవని మా నమ్మకం.