మంటకు ముందు వచ్చే ఆవిరి

నేటి భారత జీవనంలో పెట్రోలు ప్రవేశించని మూల లేదు. సముద్రతీరాన గల చమురు శుద్ధి కర్మాగారం నుండి బయలుదేరిన ఇంధనం గొట్టపు మార్గాలలోను, రైలు ట్యాంకులలోను, ట్యాంకరు లారీలలోను ప్రయాణించి, ఒక్కొక్కప్పుడు రెండు మూడు రాష్ట్రాల సరిహద్దులు దాటి మారుమూల పట్టణానికి చేరుతుంది. లారీ నడిపేవాని మాతృభాష పంజాబీ కావచ్చు. అది బోల్తా పడిన చోటు తెలుగు గ్రామం కావచ్చు. మంట ఆర్పడానికి వచ్చే దళం పొరుగు రాష్ట్రానికి చెందినది కావచ్చు. అటువంటి సమయంలో వీరందరికీ సమానంగా తెలిసి ఉండవలసిన విషయం ఒకటి ఉన్నది. ద్రవం కారడం మొదలైన క్షణానికి, నిప్పు అంటుకొనే క్షణానికి నడుమ సాధారణంగా కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని ఎలా వినియోగించుకున్నారన్న దానిపైనే ఎన్నో ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

మండేది ద్రవం కాదు

పెట్రోలు మండుతుందని వ్యవహారంలో అంటారు. శాస్త్రదృష్టితో చూస్తే మండేది ద్రవం కాదు, దాని ఉపరితలం నుండి లేచే ఆవిరి. నిప్పు సోకినంతనే భగ్గుమనడానికి చాలినంత ఆవిరిని ఒక ద్రవం ఏ కనిష్ఠ ఉష్ణోగ్రత వద్ద విడుదల చేస్తుందో, దానిని ఆ ద్రవం యొక్క ఫ్లాష్ పాయింట్ అంటారు. మన దేశంలోని పెట్రోలియం చట్టం ఇంధనాలను ఈ కొలత ఆధారంగానే మూడు తరగతులుగా విభజించింది. ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ గలవి 'ఎ' తరగతి. 23 మొదలు 65 లోపు గలవి 'బి' తరగతి. 65 మొదలు 93 లోపు గలవి 'సి' తరగతి. పెట్రోలు 'ఎ' తరగతికి చెందినది. దాని ఫ్లాష్ పాయింట్ సున్న డిగ్రీలకు సుమారు 40 డిగ్రీలు దిగువన ఉంటుంది. కనుక వేసవి ఎండలోనే కాదు, హిమాలయ ప్రాంతపు చలిలో సైతం నేలపై ఒలికిన పెట్రోలు నిప్పు కోసం కాచుకొని ఉంటుంది.

ఈ ఆవిరికి మరొక గుణం ఉన్నది. అది గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. పొగవలె పైకి పోదు. నీటివలె పల్లానికి జారుతుంది. గుంటలలోను, మురుగు కాలువలలోను, నేలమాళిగలలోను నిలిచిపోతుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతం మొదలు 7.6 శాతం వరకు ఉన్నంతసేపు ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ ఒలికిన చోటనే పుట్టనవసరం లేదు. దూరాన ఒక ఇంటి పొయ్యి, ఒక బీడీ, స్టార్టు చేసిన మోటారు, విద్యుత్తు స్విచ్చి, కడకు రాపిడి వలన పుట్టిన స్థిర విద్యుత్తు - వీటిలో ఏది తగిలినా మంట ఆవిరి వెంట వెనుకకు పరుగెత్తి మూలస్థానాన్ని చేరుతుంది.

తెలుగు పాఠకులకు ఇందుకు దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం. 1997 సెప్టెంబరు 14న అక్కడి శుద్ధి కర్మాగారంలో కారినది పెట్రోలు కాదు, ద్రవరూపంలోని వంటవాయువు. కాని అదీ గాలి కంటె బరువైనదే. నేలబారున పరచుకొని, నిప్పు సోకి విస్ఫోటనం చెందినది. ఆ దుర్ఘటనలో 50 మందికి పైగా మరణించారు.

జైపూరు నేర్పిన పాఠం

పెట్రోలు ఆవిరి ఎంత వినాశనాన్ని తేగలదో రాజస్థాన్ రాజధాని జైపూరు 2009 అక్టోబరు 29న చూచినది. నగర శివార్లలోని సీతాపుర పారిశ్రామిక ప్రాంతంలో గల ఇండియన్ ఆయిల్ సంస్థ నిల్వ కేంద్రంలో ఆనాటి సాయంకాలం ఒక ట్యాంకు నుండి పొరుగు సంస్థ కేంద్రానికి పెట్రోలు పంపడానికి సన్నాహాలు జరుగుతున్నాయి. ఆ సమయంలో గొట్టపు మార్గంలోని ఒక వాల్వు వద్ద నుండి పెట్రోలు ధారగా చిమ్మనారంభించినది. వాల్వు వద్ద ఉన్న కార్మికుడు ఆవిరి ధాటికి నిలువలేకపోయాడు. అతనికి తోడ్పడబోయిన వారికీ అదే గతి పట్టినది. ట్యాంకు వాల్వును దూరం నుండి మూసివేసే సౌకర్యం ఆనాడు పనిచేసే స్థితిలో లేదు.

సుమారు 75 నిమిషాల పాటు కారడం కొనసాగినది. ఇంచుమించు వెయ్యి టన్నుల పెట్రోలు బయటికి వచ్చినట్లు తరువాత అంచనా వేశారు. గాలి మందంగా ఉండడం వలన ఆవిరి చెదరిపోక, ఆవరణ అంతటా మేఘంవలె కమ్ముకొన్నది. రాత్రి ఏడున్నర గంటల ప్రాంతంలో ఆ మేఘం ఒక్కసారిగా పేలినది. విస్ఫోటనంతోనే మంటలార్పే ఏర్పాట్లు సైతం దెబ్బతిన్నాయి. మంటలు ఇతర ట్యాంకులకు వ్యాపించాయి. వాటిని ఆర్పబూనుకొంటే మరిన్ని ప్రాణాలకు ముప్పు వాటిల్లుతుందని భావించి, ఇంధనం తనంత తాను కాలిపోయే వరకు వదలివేయడమే మేలని నిర్ణయించారు. మంటలు పూర్తిగా చల్లారడానికి సుమారు పదకొండు రోజులు పట్టినది. విచారణ జరిపిన ఎం.బి. లాల్ సంఘం లెక్క ప్రకారం మృతులు 11 మంది. వారిలో ఆరుగురు సంస్థ సిబ్బంది, ఐదుగురు బయటివారు.

పెద్ద ప్రమాదాలను గూర్చి తలచినపుడు మంటలే కళ్ళకు కడతాయి. జైపూరులో గమనించవలసినవి మంటలకు ముందు గడచిన ఆ 75 నిమిషాలు. దూరం నుండి ట్యాంకును మూయగల సాధనం, శ్వాసరక్షణ పరికరాలు ధరించి లోనికి పోగల సిబ్బంది, పరిసరాలలోని వారిని తక్షణం ఖాళీ చేయించే ఏర్పాటు - ఈ మూడింటికీ ఆ వ్యవధి చాలినదే. దూరనియంత్రణ గల వాల్వులను తప్పనిసరి చేయాలని విచారణ సంఘం సిఫారసు చేయడంలోని ఆంతర్యం ఇదే.

ఉచితంగా దొరికే పెట్రోలు

వ్యవధి దుర్వినియోగమైతే ఏమి జరుగుతుందో పొరుగు దేశంలోని ఒక విషాదం తెలుపుతుంది. 2017 జూన్ 25న, రంజాన్ పండుగకు ముందునాడు, పాకిస్తాన్‌లోని బహావల్పూర్ సమీపాన అహ్మద్‌పూర్ షర్కియా వద్ద రహదారిపై పెట్రోలు ట్యాంకరు ఒకటి బోల్తా పడినది. కారుతున్న పెట్రోలును పట్టుకొనడానికి సమీప గ్రామాల ప్రజలు బిందెలతో, డబ్బాలతో వచ్చారు. మోటారు సైకిళ్ళపై వచ్చిన వారూ ఉన్నారు. దూరంగా పొమ్మని పోలీసులు చెప్పిన మాట చెవికెక్కలేదు. అంతలో నిప్పు అంటుకొన్నది. 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ జనులను అత్యాశాపరులని నిందించడం సులభం. కాని నాలుగు లీటర్ల పెట్రోలు ఒక పేద కుటుంబానికి చిన్న విషయం కాదు. కారుతున్న పెట్రోలు చూపులకు నీటివలె నిరపాయంగానే కనిపిస్తుంది. దాని ఆవిరి కంటికి కనిపించదు. పేదరికానికి తెలియనితనం తోడైనపుడు హెచ్చరిక పనిచేయదు. ఆవిరి గుణం ముందుగానే తెలిసిన గ్రామంలో మాత్రమే పోలీసు మాటకు విలువ ఉంటుంది. పాఠశాలలో నేర్పవలసిన విజ్ఞానం ఇది.

ట్యాంకరు మీది పలక చెప్పే భాష

ప్రమాదకర పదార్థాలను చేరవేసే ప్రతి వాహనంపైన అత్యవసర సమాచార పలక ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి శాసిస్తున్నది. పదార్థం పేరు, దాని అంతర్జాతీయ సంఖ్య, ప్రమాద చిహ్నం, సహాయానికి పిలువవలసిన ఫోను నంబర్లు దానిపై ఉంటాయి. అటువంటి వాహనం నడిపే వ్యక్తికి రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భారతీయ భాషలలో ఒకటీ, ఇంగ్లీషూ చదవను వ్రాయను వచ్చి ఉండాలని కూడా ఆ నియమావళి నిర్దేశించినది. ప్రమాదం జరిగిన వెంటనే సమీప పోలీసు స్టేషనుకు తెలియజేయడం డ్రైవరు విధి.

పెట్రోలు ట్యాంకరుపై కనిపించే 1203 అన్న సంఖ్య ఆ పదార్థం పెట్రోలు అని ప్రపంచమంతటా ఒకే తీరుగా తెలుపుతుంది. దానికి తోడుగా '3 వై ఇ' అన్న సంకేతం ఉంటుంది. మూడు అన్న అంకెకు అర్థం నురగతో ఆర్పవలెనని. 'వై' అక్షరానికి అర్థం శ్వాసరక్షణ సాధనం ధరించాలని, ద్రవాన్ని కాలువలలోకి పోనీయక కట్టడి చేయాలని, తీవ్రమైన ప్రతిచర్యకు అవకాశం ఉన్నదని. 'ఇ' అక్షరానికి అర్థం పరిసరాలను ఖాళీ చేయించే విషయం ఆలోచించాలని. డ్రైవరు స్పృహ తప్పి పడిపోయినా ఈ పలక మాట్లాడుతుంది. కాశ్మీరం నుండి కన్యాకుమారి వరకు అగ్నిమాపక దళాలన్నీ దానిని ఒకే విధంగా చదువుకొంటాయి. కనుక ఫోను చేసేవారు దూరం నుండి కనిపించినంత మేరకు ఆ సంఖ్యలను చెప్పగలిగితే, దళం తగిన సాధనాలతోనే బయలుదేరుతుంది.

నీరు కాదు, నురగ

మంట అనగానే నీరు పోయడం మానవ స్వభావం. పెట్రోలు నీటి కంటె తేలికైనది, నీటిలో కలియదు. మండుతున్న పెట్రోలుపై నీరు కుమ్మరిస్తే నీరు అడుగుకు పోతుంది, మంట నీటిపై తేలుతూ మరింత దూరం పాకుతుంది. నురగ పని వేరు. అది దుప్పటివలె ద్రవంపై పరచుకొని, ఆవిరిని లేవనీయక, గాలిని తగులనీయక, ద్రవాన్ని చల్లబరుస్తుంది. అంటుకొనక ముందే ఒలికిన పెట్రోలుపై నురగ కప్పడం కూడా మంచి రక్షణ. నీటికి ప్రత్యేకమైన మరొక ఉపయోగం ఉన్నది: మంట వేడికి గురి అవుతున్న ట్యాంకును దూరం నుండి తడిపి చల్లబరచడం.

ఆల్కహాలు జాతి ద్రవాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అవి నీటిలో కలిసిపోతాయి. సాధారణ నురగను విరిచివేస్తాయి. వాటికి ఆల్కహాలును తట్టుకొనే ప్రత్యేక నురగ కావాలి. మిథనాలు మంట పట్టపగలు కంటికి దాదాపు కనిపించదు. ఇటీవలి సంవత్సరాలలో మన దేశపు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుపుతున్నందున, ఈ భేదం అగ్నిమాపక దళాలకు నిత్యం అవసరమైన పరిజ్ఞానం అయినది.

మొదటి నిమిషాలలో

శిక్షణ లేని పౌరుడు చేయవలసినవి కొద్దివే. గాలి వీచే దిక్కును గమనించి, దానికి ఎదురుగా, మెరక ప్రదేశం వైపు తొలగిపోవాలి. ఇతరులనూ తొలగించాలి. పరిసరాలలోని పొయ్యిలు ఆర్పించాలి. బీడీ, సిగరెట్టు వెలిగించనీయరాదు. ఆగి ఉన్న వాహనాలను స్టార్టు చేయనీయరాదు. సురక్షిత దూరం చేరిన తరువాతనే 112కు గాని, 101కి గాని ఫోను చేయాలి. ఉత్తర అమెరికా దేశాలు అనుసరించే అత్యవసర మార్గదర్శక గ్రంథం ప్రకారం, పెట్రోలు ఒలికినపుడు అన్ని వైపులా కనీసం 50 మీటర్లు, పెద్ద యెత్తున కారినపుడు గాలివాలు వైపున 300 మీటర్లు, ట్యాంకరు మంటలలో చిక్కుకొన్నపుడు అన్ని దిక్కులా 800 మీటర్లు ఖాళీ చేయాలి. మంటలో ఉన్న ట్యాంకు గాలిగొట్టం నుండి వచ్చే శబ్దం హెచ్చుతున్నా, ట్యాంకు రంగు మారుతున్నా అది పేలబోతున్నదనడానికి సూచన. అప్పుడు శిక్షితులైన సిబ్బంది సైతం వెనుకకు తగ్గవలసినదే.

కొద్దిగా ఒలికినచోట, నిప్పు భయం లేనప్పుడు, పొడి ఇసుక గాని మట్టి గాని చల్లి ద్రవాన్ని ఇంకించాలి. మురుగు కాలువలోనికి కడిగివేయరాదు. బట్టలకు నిప్పంటుకొన్నవారు పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లాలి. కాలిన చోటును ఇరవై నిమిషాల పాటు చల్లని ధారనీటి క్రింద ఉంచాలి. సిరా, పిండి, నూనె వంటివి పూయక ఆసుపత్రికి చేర్చాలి.

అగ్నిమాపక యంత్రం ఎంత వేగంగా వచ్చినా, ప్రమాదస్థలానికి ముందుగా చేరేది సమీపంలోని పౌరుడే. అతడు ఏ భాష మాట్లాడేవాడైనా, కారుతున్న ద్రవాన్ని చూచి దగ్గరకు పోక, పదిమందినీ దూరంగా తీసుకుపోగలిగితే, ఆ కొద్ది నిమిషాలలో అతడు చేసిన సేవ తరువాత వచ్చే యంత్రాలేవీ చేయలేనిది.