నూరు మైళ్ల స్వారీలో గుర్రానికి అసలు పరీక్ష: అరబ్బీ, మోర్గాన్ సంకర జాతి చెప్పే పాఠం ఏమిటి?

గుర్రప్పందెం అనగానే ఎక్కువమంది మనసులో మెదిలేది ఒకటి రెండు నిమిషాల్లో ముగిసిపోయే దౌడు. హైదరాబాద్ మలక్‌పేట మైదానంలోనైనా, మరే నగరంలోనైనా కనిపించేది అదే. కానీ ఒకే రోజున 160 కిలోమీటర్లు, అంటే నూరు మైళ్లు, గుర్రం మీద ప్రయాణించే పోటీ కూడా ఒకటి ఉంది. దానినే ఎండ్యూరెన్స్ రైడింగ్ అంటారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, అక్కడి నుంచి రాయ్‌పూర్ మీదుగా దుర్గ్ చేరే రైలు దారి కన్నా ఇది కొంచెం ఎక్కువ దూరం.

ఈ పోటీ పేరు భారతీయులకు కొత్తగా వినిపించింది 2023లో. కేరళకు చెందిన నిదా అంజుమ్ చేలాట్ ఆ ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని కాస్టెల్‌సాగ్రాలో జరిగిన యువ రౌతుల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లు పూర్తి చేశారు. ఆ ఘనత సాధించిన తొలి భారతీయురాలు ఆమే. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోనే మోంపాజియేలో పెద్దల ప్రపంచ పోటీలో 160 కిలోమీటర్ల దూరాన్నీ పూర్తి చేశారు.

ఇంత దూరం మోసుకుపోయే గుర్రం ఎలాంటిదై ఉండాలి? ఈ ప్రశ్నకు అమెరికాలోని పెంపకందారులు కొందరు చెప్పే సమాధానాల్లో ఒకటి అరబ్బీ, మోర్గాన్ జాతులను కలిపి పుట్టించిన సంకర గుర్రం. దానిని అక్కడ మొరాబ్ అని పిలుస్తారు.

గెలుపును నిర్ణయించేది గుండె

ఎండ్యూరెన్స్ పోటీని ఏకబిగిన పరుగెత్తించరు. దారిని కొన్ని విడతలుగా విభజిస్తారు. ఒక్కో విడత ముగియగానే పశువైద్యులు గుర్రాన్ని పరీక్షిస్తారు. నిర్ణీత నిమిషాల్లోగా గుండె వేగం సాధారణంగా నిమిషానికి 64కు తగ్గాలి. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. పూర్తి వేగంతో దౌడు తీసేటప్పుడు అది 200 దాటుతుంది.

వైద్యులు చూసేది గుండె ఒక్కదానినే కాదు. చిగుళ్ల మీద వేలితో నొక్కి వదిలితే రక్తం ఎంత త్వరగా తిరిగి వస్తోందో గమనిస్తారు. మెడ దగ్గర చర్మాన్ని పట్టి వదిలి, ఒంట్లో నీరు తగ్గిందేమో తెలుసుకుంటారు. పొట్టకు స్టెతస్కోపు ఆనించి పేగుల కదలిక వింటారు. చివరగా గుర్రాన్ని తిన్నని నేల మీద కొద్ది దూరం నడిపించి, పరుగెత్తించి కుంటుతోందేమో పరిశీలిస్తారు. వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా ఆ గుర్రం పోటీ అక్కడితో ముగిసినట్టే.

ఇందులో ఒక కీలకమైన మెలిక ఉంది. మధ్య విడతల్లో గుండె నెమ్మదించేదాకా గడియారం ఆగదు. ముందుగా వచ్చినా ఒళ్లు వేడెక్కి రొప్పుతున్న గుర్రం, వెనుక నింపాదిగా వచ్చి రెండు నిమిషాల్లో కుదుటపడిన గుర్రం కన్నా వెనుకబడిపోతుంది. అమెరికాలో 1972లో ఏర్పడిన ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ అనే సంస్థ, పూర్తి చేయడమే గెలవడం అన్న భావాన్ని తన నినాదంగా స్వీకరించింది.

ఆధునిక కాలంలో ఈ క్రీడకు ఆద్యుడిగా వెండెల్ రోబీని చెబుతారు. గుర్రాలు ఇప్పటికీ ఒక్క రోజులో నూరు మైళ్లు వెళ్లగలవని నిరూపించడానికి ఆయన 1955లో కొద్దిమంది సహచరులతో కాలిఫోర్నియాలోని సియెర్రా పర్వతాలు దాటారు. అదే టెవిస్ కప్‌గా నేటికీ కొనసాగుతోంది. కాలపరిమితి 24 గంటలు. బయలుదేరిన వాటిలో గమ్యం చేరేవి దాదాపు సగమే. 1964 నుంచి అక్కడ హాగిన్ కప్ అనే మరో బహుమతి కూడా ఇస్తున్నారు. మొదటి పది స్థానాల్లో వచ్చిన గుర్రాలలో అత్యంత ఆరోగ్యంగా ఉన్నదానికి అది దక్కుతుంది. చాలామంది రౌతులు దీనిని మొదటి స్థానంతో సమానమైన గౌరవంగా భావిస్తారు.

అరబ్బీ బలం ఎక్కడ ఉంది?

పరుగెత్తే గుర్రం కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపలేని గుర్రం ఎంత బలమైనదైనా నిలబడలేదు. అరబ్బీ గుర్రం ఇక్కడే ముందుంటుంది. దాని శరీరం తేలిక, చర్మం పలుచన. బరువుతో పోలిస్తే ఒంటి ఉపరితలం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా బయటికి పోతుంది. నెమ్మదిగా సంకోచించి త్వరగా అలసిపోని కండర తంతువుల పాలు వీటిలో అధికం. కొవ్వును ఇంధనంగా వాడుకునే సామర్థ్యమూ ఎక్కువే. అందుకే అంతర్జాతీయ ఎండ్యూరెన్స్ పోటీల్లో పైచేయి అరబ్బీలదే, అరబ్బీ రక్తం అధికంగా ఉన్న సంకరాలదే.

అయితే వేడిని తగ్గించే చెమటే మరో ప్రమాదాన్ని తెస్తుంది. ఎండలో శ్రమించే గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల చెమట కోల్పోవచ్చు. మనిషి చెమట కన్నా గుర్రం చెమటలో లవణాలు ఎక్కువ. అందువల్ల నీరు తాగించడం ఒక్కటే చాలదు, లవణాలనూ భర్తీ చేయాలి. లేకపోతే పేగుల కదలిక మందగించి కడుపునొప్పి వస్తుంది, కండరాలు బిగుసుకుపోతాయి. కొన్నిసార్లు ప్రాణమే పోతుంది.

ఒక్క పోతుగుర్రం పేరు మీద ఒక జాతి

మోర్గాన్ కథ వేరు. 1789లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టిన ఫిగర్ అనే పోతుగుర్రం ఈ జాతికి మూలపురుషుడు. వెర్మాంట్‌లో సంగీతం నేర్పుతూ జీవించిన జస్టిన్ మోర్గాన్ దాని యజమాని. ఆయన పేరే తరువాత గుర్రానికీ, జాతికీ స్థిరపడింది. ఆకారం చిన్నదైనా ఫిగర్ దుంగలు లాగింది, దున్నింది, బండి లాగింది, స్వారీకీ పనికివచ్చింది. దాని సంతానంలోనూ ఆ గుణాలు కొనసాగాయి. బలిష్ఠమైన మెడ, పొట్టి నడుము, దృఢమైన గిట్టలు, నెమ్మదైన స్వభావం మోర్గాన్ లక్షణాలు.

ఈ రెండు జాతుల కలయిక కొత్తది కాదు. 1855లో కెంటకీలో పుట్టిన గోల్డ్‌డస్ట్ అనే ప్రసిద్ధ గుర్రానికి తండ్రి వైపు నుంచి మోర్గాన్ రక్తం, తల్లి వైపు నుంచి అరబ్బీ రక్తం వచ్చాయి. పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హెర్స్ట్ 1920లలో తన కాలిఫోర్నియా క్షేత్రంలో ఇలాంటి గుర్రాలను పెంచారు. మొరాబ్ అన్న పేరు పెట్టింది ఆయనేనని చెబుతారు. 1970లలో వీటికి ప్రత్యేకంగా వంశావళి నమోదు మొదలైంది.

సంకరం ఎంతవరకు పనిచేస్తుంది?

పెంపకందారుల లెక్క స్పష్టమైనది. అరబ్బీ నుంచి వేడిని తట్టుకునే ఒళ్లు, అలసట ఎరుగని ఊపిరి రావాలి. మోర్గాన్ నుంచి గట్టి ఎముక, మంచి గిట్ట, బరువైన రౌతును మోయగల నడుము, బెదరని మనసు రావాలి. రెండు జాతులూ ఎత్తులో దాదాపు సమానం కావడంతో పిల్ల ఆకారంలో పెద్ద అసమతుల్యత ఏర్పడదు.

కానీ జన్యుశాస్త్రం హామీలు ఇవ్వదు. శుద్ధ జాతుల మధ్య మొదటి తరం పిల్లలు కొంతవరకు ఒకే తీరుగా ఉంటాయి. ఆ సంకరాలను మళ్లీ వాటిలో వాటికే దాటిస్తే రెండో తరంలో లక్షణాలు చెదురుతాయి. ఒక పిల్లకు అరబ్బీ తేలికదనం రావచ్చు, మరొకదానికి మోర్గాన్ దట్టమైన కండ రావచ్చు. దట్టమైన కండ బండి లాగడానికి మేలు చేసినా, మండుటెండలో నూరు మైళ్ల దారిలో వేడిని పట్టి ఉంచే బరువుగా మారుతుంది. కాబట్టి సంకర జాతి అన్న పేరు కన్నా ఎదురుగా నిలిచిన గుర్రం కాళ్లు, గుండె, స్వభావం ముఖ్యం.

జాతి ఎంత మంచిదైనా శిక్షణకు దగ్గరి దారి లేదు. గుండె, కండరాలు కొన్ని నెలల్లో గట్టిపడతాయి. ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి సంవత్సరాలు పడుతుంది. గుర్రం ఉత్సాహంగా ఉందని తొందరపడిన చోటే కాళ్లు దెబ్బతింటాయి. 160 కిలోమీటర్ల అంతర్జాతీయ పోటీకి గుర్రం వయసు కనీసం 8 ఏళ్లు ఉండాలన్న నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

దక్కనుకు ఈ పాఠం పాతదే

అరబ్బీ రక్తాన్ని స్థానిక జాతులతో కలపడం తెలుగు నేలకు దగ్గరలోనే శతాబ్దాలపాటు జరిగింది. విజయనగర ప్రభువు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలను కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. సముద్రం దాటి వచ్చిన గుర్రాలు ఇక్కడ ఎక్కువ కాలం బతికేవి కావు. సరైన మేత, సంరక్షణ తెలియకపోవడమే కారణమని పాండ్య దేశం గురించి రాస్తూ మార్కో పోలో అంతకు ముందే పేర్కొన్నాడు. తెలుగులో మనుమంచి భట్టు వంటి వారు హయలక్షణ గ్రంథాలు రచించడం ఈ అవసరానికి అద్దం పడుతుంది.

దిగుమతి గుర్రాలు, స్థానిక గుర్రాల కలయికతో భీమా నదీ తీరంలో రూపుదిద్దుకున్నదే దక్కనీ గుర్రం. దానినే భీమ్‌థడీ అంటారు. ఎత్తు తక్కువైనా కొండదారుల్లో కొద్దిపాటి మేతతో రోజుల తరబడి నడవడం దాని ప్రత్యేకత. మరాఠా సైన్యాల వేగానికి అది ఆధారమైంది. ఇటీవలి సంవత్సరాల్లో భారతీయ అశ్వ జాతుల అధికారిక జాబితాలో భీమ్‌థడీకి స్థానం లభించింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు భాగమైన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్ పాలస్తీనా రంగంలో పోరాడింది. ఆనాటి భారత సైన్యం విరివిగా వాడిన ఆస్ట్రేలియా వేలర్ గుర్రాలు కూడా అరబ్బీ సహా పలు జాతుల సంకరాలే.

నిబంధనలు బిగిసిన తీరు

ఈ క్రీడ డబ్బుకూ వేగానికీ లొంగిన చోట్ల గుర్రాలు బలయ్యాయి. ఎడారి దేశాల చదునైన దారుల్లో వేగం పెరిగే కొద్దీ కాళ్లు విరిగిన సంఘటనలు, మరణాలు పెరిగాయి. 2015లో అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమాఖ్యను కొంతకాలం సస్పెండ్ చేసింది. 2016 ప్రపంచ పోటీని దుబాయ్ నుంచి స్లొవేకియాకు తరలించారు. 2018లో అమెరికాలోని ట్రయాన్‌లో వేడి, తేమ తీవ్రం కావడంతో ప్రపంచ పోటీని మధ్యలోనే రద్దు చేశారు. ఆ తరువాత నియమాలు మరింత కఠినమయ్యాయి.

భారతదేశంలో ఇప్పటికే జాతీయ స్థాయి ఎండ్యూరెన్స్ పోటీలు జరుగుతున్నాయి. ఇక్కడి ఎండకూ తేమకూ ఈ అనుభవాలన్నీ నేరుగా వర్తిస్తాయి. దూరదేశపు సంకర జాతిని తెప్పించడం కన్నా మార్వాడీ, కాఠియావాడీ, భీమ్‌థడీ వంటి మన గుర్రాలలో ఓర్పు గలవాటిని గుర్తించి, ఏళ్ల తరబడి నిదానంగా సిద్ధం చేయడం అందుబాటులో ఉన్న మార్గం. పోటీలను చలికాలంలో, తెల్లవారుజామున మొదలుపెట్టడం, ప్రతి విడతలోనూ తగినంతమంది పశువైద్యులను నియమించడం అందుకు తొలి షరతులు.

రౌతు కొద్దీ గుర్రం అన్నది తెలుగు సామెత. తన గుర్రం ఇక నడవలేదని వైద్యుడి కన్నా ముందు గ్రహించి, గమ్యం పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా జీను దించగలిగిన రౌతుకే మరుసటి ఏడాది అదే గుర్రంతో బరిలో నిలిచే అవకాశం మిగులుతుంది.