ఓపెనింగ్ బట్టీ పడితే గెలుస్తారా?

ఇరవై ఎత్తుల ఓపెనింగ్ కంఠతా వస్తే రేటింగ్ దానంతటదే పెరుగుతుందట! నోయిడా, గురుగ్రామ్, ద్వారకల్లో పిల్లల్ని చెస్‌లో చేర్పించిన మనవాళ్ల నోట ఈ మాట తరచూ వింటున్నాం. ఇది తప్పు. పిల్లలకు ఆట మీదే విరక్తి పుట్టించే తప్పు.

ఇటాలియన్ ఓపెనింగే తీసుకోండి. తెల్ల బిషప్ సీ4కి రాగానే నల్లవాడు సీ6 గుర్రాన్ని మళ్లీ కదిపి డీ4లో పెట్టాడు. నిజానికి అది బలహీనమైన ఎత్తు. కానీ ఈ5 బంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది. బట్టీ పట్టిన పిల్లాడికి ఈ ఎత్తు వరుసలో లేదు, అందుకే ఆశపడి బంటును కొడతాడు. నల్ల క్వీన్ జీ5కి వచ్చి గుర్రాన్నీ జీ2 బంటునూ ఒకేసారి పట్టుకుంటుంది. అప్పుడైనా ఆగకుండా గుర్రంతో ఎఫ్7 కొడితే, నల్లవాడి ఏడో ఎత్తుకే మాట్. డీ4 గుర్రాన్ని తన గుర్రంతో కొట్టి, క్యాస్లింగ్ చేసుకుని ఉంటే తెల్లవాడిదే పైచేయి. దానికి కంఠస్థం అక్కర్లేదు. ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడని ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు.

మరి గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి ఓపెనింగులు చదవడా అంటారు. చదువుతాడు. 2022లో ఢిల్లీ ఇంటర్నేషనల్ ఓపెన్ గెలిచి, 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటిన ఆ వరంగల్ కుర్రాడి ఎదుట కూర్చునేవాళ్లూ చదివే వస్తారు. కానీ ఎనిమిదేళ్ల పిల్లల బల్ల దగ్గర ఐదో ఎత్తుకే పుస్తకం అయిపోతుంది.

ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి. నాలుగెత్తుల మాట్‌కు విరుగుడు లేదా? క్వీన్ హెచ్5కి వచ్చాక, ముందు సీ6 గుర్రం ఈ5 బంటును కాస్తోందో లేదో చూసుకుని, బంటును జీ6కి జరపండి, చాలు. చివరి గడి చేరిన బంటుకు చచ్చిన పావే వస్తుందా? కాదు, రెండో క్వీన్ కూడా తెచ్చుకోవచ్చు. లెక్కల్లో ఫస్టు వస్తేనే చెస్ వస్తుందన్నదీ అబద్ధమే.

లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ ఎవరి మీదైనా ఆడొచ్చన్న మాటలో మాత్రం కొంత నిజముంది. 2023 ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో గేమును డింగ్ లిరెన్ దానితోనే గెలిచాడు. అయితే ఎదుటివాడి ఎత్తు చూడకుండా ఆడితే అదీ కాపాడదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ముగింపు ఆటతో మొదలుపెట్టమని మాజీ ప్రపంచ చాంపియన్ కపబ్లాంకా ఏనాడో చెప్పాడు. కొత్త ఓపెనింగ్ కోర్సుకు డబ్బు కట్టే ముందు, పిల్లాడు ఓడిన ఆటను ఇంజిన్ తెరవకుండా మీ ఎదుటే పేర్చి, ప్రతి ఎత్తూ ఎందుకు వేశాడో చెప్పమనండి.