పాత మిషన్‌కు నికెలే సరి

వందేళ్లు దాటిన కుట్టుమిషన్లు, సైకిళ్ల మీద ఒకప్పుడు మెరిసిన పూత నికెల్‌ది, క్రోమియంది కాదు. క్రోమ్ పూత 1920ల్లో గానీ బజారుకెక్కలేదు. తుప్పుపట్టిన మిషన్ చక్రాన్ని బాగుచేయించే వాళ్లు చాలామంది ఈ సంగతి గమనించక దానికి క్రోమ్ వేయిస్తారు. నికెల్ మెరుపులో లేత పసుపు ఛాయ ఉంటుంది, క్రోమ్‌ది నీలం కలిసిన తెలుపు. ఆ నీలి తళుకు పాత మిషన్ మీద అరువు నగలా కనిపిస్తుంది. ఏ కాలపు వస్తువుకు ఆ కాలపు పూతే వేయాలి. పైగా ఈ రెండింటిలో జాగ్రత్తగా ఇంట్లో వేసుకోగలిగిందీ నికెలే.

అసలు కరెంటుతో పూత వేసే ఈ విద్య మొదలైంది పెద్ద ఫ్యాక్టరీల్లో కాదు. వోల్టా 1800లో బ్యాటరీ తయారుచేసిన అయిదేళ్లకే ఇటలీలోని పావియాలో బ్రున్యాతెల్లి అనే శాస్త్రవేత్త దాని సాయంతో వెండి పతకాలకు బంగారు పూత పూశాడు. నికెల్ పూతను వ్యాపారంగా నిలబెట్టింది 1869లో అమెరికాలో పేటెంట్ పొందిన ఐజక్ ఆడమ్స్. 1916లో ఆలివర్ వాట్స్ నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని ప్రకటించాడు. నికెల్ పూతకు నేటికీ అదే ఆధారం. నికెల్ బద్దను కరెంటు ప్లస్‌కు, పూత పడాల్సిన భాగాన్ని మైనస్‌కు కలుపుతారు. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే సుమారు 1.1 గ్రాముల నికెల్ చేరుతుంది. పది సెంటీమీటర్ల చదరం మీద అది 12 మైక్రాన్ల పొర. తొందరపడి కరెంటు పెంచితే అంచులు నల్లబడి పూత పొడిలా రాలిపోతుంది.

నికెల్ గాలికి మసకబారుతుంది, క్రోమ్ బారదు కదా అంటారు. నిజమే, క్రోమ్ గెలిచింది అందుకే. కానీ అలంకారానికి వేసే క్రోమ్ పొర సాధారణంగా అర మైక్రాన్ కూడా ఉండదు. ఇనుమును తుప్పు నుంచి ప్రధానంగా కాపాడేది దాని కింద ఉన్న నికెలే. ఇంట్లో ఉండే మిషన్‌కు అప్పుడప్పుడు కాస్త పాలిష్ పెడితే చాలు. ఇంట్లో వేసిన పూత నిలవదన్న మాటకూ కారణం వేరే ఉంది. తప్పు సాధారణంగా శుభ్రం చేయడంలో జరుగుతుంది. కడిగిన భాగాన్ని మంచినీళ్లలో ముంచి పైకి తీస్తే నీరు ఎక్కడా చీలకుండా ఒకే పొరగా జారాలి. ఒక్కచోట బొట్లు కట్టినా అక్కడ జిడ్డు ఉన్నట్టే, పూత అక్కడే పెచ్చులూడుతుంది. తుప్పు తిన్న గుంటలను కూడా పూత పూడ్చదు, ఇంకా ఎత్తిచూపుతుంది.

ప్రమాదం మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. నికెల్ లవణాలు విషం, చర్మానికీ పడవు. చేతికి గ్లవ్స్, గదికి గాలి ఉండాలి, వాడేసిన ద్రావణాన్ని కాలువలో పోయకూడదు. సంప్రదాయ క్రోమ్ ద్రావణంలో ఉండేది క్యాన్సర్ తెచ్చే ఆరు వేలెన్సీ క్రోమియం, దాన్ని ఇంటి గడప తొక్కనివ్వకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ చెంచాను ప్లస్ కొసకు కట్టినా అదే పుట్టవచ్చు.

పాత పూత చాలామటుకు నిలిచి ఉంటే దాని జోలికి పోకపోవడమే మేలు. గట్టి ఉక్కు స్ప్రింగులను కూడా వదిలేయాలి. పూత పడేటప్పుడు పుట్టే హైడ్రోజన్ వాటిలోకి చొరబడి పెళుసెక్కిస్తుంది, తర్వాత బరువు పడగానే విరుగుతాయి. వాటికి మిషన్ ఆయిల్ చాలు.