మొలత్రాడు చెప్పెడి మాట



మన పల్లెలలో పొట్ట పెరుగుటను దోషముగా నెవరును ఎంచరు. రచ్చబండమీద కూర్చున్న పెద్దమనిషికి కొంచెము బొజ్జ యుండుట కలిమికి గురుతనియు, మనసు నెమ్మదిగా నున్నదనుటకు సాక్ష్యమనియు తలచెదరు. నేనును చాలకాలము అట్లే తలచితిని. ఆ తలపు ఎట్లు మారినదో, దానివెనుక శాస్త్రమేమి కలదో నేడు మీకు విన్నవించెదను.

మా నగరిలో నాతో చదువుకొన్న నేతగాడొకడుండెను. పడుచుతనమున గుంటమగ్గము త్రొక్కినవాడు. మరమగ్గములు వచ్చిన పిమ్మట వానిని చూచుకొనుచు కాలము గడపెను. చేతులు సన్నము, కాళ్లు సన్నము; పొట్ట మాత్రము ముందునకు వచ్చెను. ఒకనాడు మొలత్రాడు బిగువైనదని విప్పి క్రొత్తది కట్టుకొనుచు, "మూడేండ్లలో ఇది రెండవదప్పా! అయినా నాకు లావెక్కడిది? తూకము అరవై కిలోలు దాటదే!" అని నవ్వెను. నేనును నవ్వి, "నీకు లావేమప్పా!" అంటిని. మరుసటి యేడు అతడు గుండెపోటుతో పోయెను. రక్తములో చక్కెర హెచ్చుగా నున్నదని ఆనాడు గాని తెలియలేదు. త్రాడు చెప్పిన మాటను త్రాసు కప్పివేసినది. నేను త్రాసునకు వంతపాడితిని.

తూకము వ్యర్థమని నేననను. ఎత్తునుబట్టి బరువును లెక్కించు పద్ధతిని బెల్జియము దేశపు గణితజ్ఞుడు క్వెట్లే 1832లో చూపెను. నేటికిని వైద్యులు దానిని వాడుచున్నారు. అయితే ఆ లెక్క దేహమంతయు నెంత బరువో చెప్పునుగాని, అందులో కండ యెంత, క్రొవ్వెంత, ఆ క్రొవ్వు ఎచ్చట చేరినది అనునది చెప్పదు. తుంటి, తొడలయందలి క్రొవ్వుకంటె నడుముపై భాగమున చేరిన క్రొవ్వే మధుమేహమునకు, రక్తనాళముల వ్యాధులకు ఎక్కువగా దారితీయునని ఫ్రాన్సు దేశమున మార్సెయి నగరపు వైద్యుడు ఝాన్ వాగ్ 1947లో వ్రాసెను. మన సుశ్రుతుడును మేదస్సునకు ఉదరమును ముఖ్యస్థానముగా చెప్పెను. చరకుడు అతిస్థూలుని, అతికృశుని నిరువురను నిందితులలో చేర్చియు, వారిలో కృశుడే మేలనెను.

చోటు మారిన నింత భేదమేల యని మీరడుగవచ్చును. కళ్లమునందున్న గడ్డివామి యొకటి, వంటింటిలో పొయ్యిప్రక్క పేర్చిన గడ్డి మరియొకటి. గడ్డి ఒక్కటే, అపాయము ఒక్కటి కాదు. చర్మము క్రిందనున్న క్రొవ్వు కళ్లములోని వామివంటిది. ప్రేవులచుట్టును, కాలేయముచుట్టును చేరిన క్రొవ్వు పొయ్యిప్రక్కది. దానినుండి వెలువడు క్రొవ్వు ఆమ్లములు నేరుగా కాలేయమునకు పోవును. అప్పుడు ఇన్సులిను ఆజ్ఞను దేహము సరిగా పాటింపదు. రక్తములో చక్కెర పెరుగును, చెడు క్రొవ్వులు పెరుగును, రక్తపుపోటు హెచ్చును, కాలేయమునకే క్రొవ్వు పట్టును. ఇవియన్నియు కూడి గుండెకు చేటు తెచ్చును.

ఈ విషయమున మన దేశస్థులము మరింత మెలకువతో నుండవలెను. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ తమ దేహములనే పరీక్షించుకొని 2004లో ఒక ముచ్చట ప్రకటించిరి. ఎత్తు బరువుల లెక్కలో ఇరువురును సమానమే. కాని యుడ్కిన్ దేహమున క్రొవ్వు నూటికి 9 పాళ్లు, యాజ్ఞిక్ దేహమున 21 పాళ్లు! కావుననే ఐరోపా పురుషునకు నడుము హద్దు 94 సెంటీమీటర్లు కాగా, మన పురుషునకు 90 గానే పెట్టిరి, స్త్రీలకు 80. మనకు పొరుగుననున్న చెన్నపట్టణపు మధుమేహ పరిశోధకులు దేశమంతటను లక్షకు పైగా జనులను పరీక్షించి 2023లో ప్రకటించినదానిని బట్టి, పెద్దవారిలో నూటికి సుమారు 40 మందికి నడుము ఈ హద్దులు దాటియున్నది.

ఇక కొలుచు విధము. మొలత్రాడు హెచ్చరించును గాని సరియైన కొలత కాదు. అది పొట్ట క్రిందికి జారును. ఉదయమున పరగడుపున నిటారుగా నిలువుడు. పంచెమడతల మీద గాక ఒంటిమీదనే, కడపటి ప్రక్కటెముకకును తుంటియెముక పైయంచునకును నడుమ టేపును చుట్టుడు. పొట్టను లోనికి పీల్చరాదు. ఊపిరి మామూలుగా విడిచి చూడుడు. టేపు లేనివారు నూలుదారమును తమ యెత్తునకు సరిగా త్రెంచి, రెండుగా మడిచి, నడుమునకు చుట్టుకొనుడు. కొసలు కలిసిన మేలు. కలియకున్న నడుము ఎత్తులో సగమును మించినది. ఇట్టి కొలతనే 2022లో ఇంగ్లండు దేశపు ఆరోగ్యసంస్థయు జనులకు సూచించెను. గర్భిణులకు ఇది వర్తింపదు. పొట్ట హఠాత్తుగా ఉబ్బిన, అది నీరు కావచ్చును. ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

మిత్రుడు పోయిన పిమ్మట నేను దారము చుట్టి చూచుకొంటిని. కొసలనడుమ ఆరు వ్రేళ్ల యెడము! రక్తపరీక్షలో చక్కెర హద్దుమీద నున్నది. నాడు మొదలు రాత్రి అన్నమును సగము చేసితిని. కాఫీలో చక్కెర మానితిని. సంగటియైనను రెండు ముద్దలు ఒక ముద్దయైనది. ఆకుకూర, ఉలవకట్టు పెరిగినవి. ప్రొద్దున ముప్పావు గంట నడచుచున్నాను. ఏడాదికి ఆ యెడము రెండు వ్రేళ్లకు వచ్చినది.

దారము కలియనంత మాత్రమున రోగము వచ్చినట్లు కాదు. చక్కెరను, రక్తపుపోటును చూపించుకొనవలెనని అది చేయు హెచ్చరిక మాత్రమే. మీరు ఇంటికి పెద్దలు. నేటి సాయంకాలమే ఒక దారము తెచ్చి, ముందుగా మీరు చుట్టుకొనుడు. పిమ్మట ఇంటిల్లిపాదిని పిలువుడు. మీలో నెవరికైనను "నాకు లావెక్కడిది?" అని స్నేహితుడు నవ్వుచు చెప్పినయెడల, నావలె నవ్వి యూరకుండకుడు. దారము చేతికిండు.