శానా అంటే ఎంత?

శ్రీకాళహస్తిలో ఒక ఇంట్లో రాత్రి భోజనాలవుతున్నాయనుకోండి. అవ్వ మనవడి కంచంలో రాగిసంగటి ముద్ద పెట్టింది. పక్కన శెనక్కాయల ఊరిబిండి వేసింది. ఇంకొక ముద్ద పెట్టబోతుంటే మనవడు కంచానికి చేతులడ్డం పెట్టి, "చాలవ్వా! ఇప్పటికే శానా పెట్టినావు!" అన్నాడు.

అవ్వ ఊరుకుంటుందా? "ఈ మాత్రానికే శానానా? తినరా నాయనా!" అని రెండో ముద్ద కూడా పెట్టేసింది.

ఆ మనవడే మర్నాడు బడిలో "మా ఊరి నది" అనే వ్యాసం రాశాడు. "వానలు పడితే స్వర్ణముఖిలో నీళ్లు శానా వస్తాయి" అన్నాడు. పుస్తకం తిరిగి వచ్చేసరికి "శానా" కింద ఎర్రసిరా గీత! పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆనాటి నుంచి వాడు బడిలో నోరు విప్పాలంటే భయపడుతున్నాడు. అంతేకాదు, ఇంట్లో అవ్వ "శానా" అంటే చాలు, "అట్లా అనగూడదవ్వా!" అని ఆమెకే పాఠం చెబుతున్నాడు. అవ్వ మొహం చిన్నబోయింది.

పిల్లలూ, ఇందులో తప్పెవరిది? అవ్వదా, ఎర్రసిరాదా? ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం, రండి.

"చాలు" అంటే మీకు తెలుసు. "ఈ బియ్యం పదిమందికి చాలు" అంటాం, అంటే సరిపోతాయని. ఈ "చాలు" అనే క్రియ చివరి ఉకారం తీసి అకారం పెడితే "చాల" అవుతుంది. "కడుపు నిండ తిన్నాడు" అంటే కడుపు నిండేటట్లు తిన్నాడని కదా? అలాగే "చాల పెట్టింది" అంటే చాలేటట్లు, సరిపోయేటంత పెట్టిందని. అందరూ వాడగా వాడగా "సరిపోయేటంత" అన్న కొలత మరుగునపడి, "ఎక్కువ" అన్న అర్థం ఒక్కటే నిలిచింది. పలకడంలో చివర సాగి "చాలా" అయింది.

చూశారా తమాషా! "చాలు" అంటే ఇంక వద్దని. "చాలా" అంటే బోలెడని. ఒక తల్లి పిల్లలే ఇట్లా ఎదురెదురుగా నిలబడ్డారు. మన అబ్బాయి కంచానికి చేతులడ్డం పెట్టి అన్న ఆ ఒక్క వాక్యంలోనే ఇద్దరూ ఉన్నారు!

ఇక "శానా" మాట. "ల", "న" అనే అక్షరాలు మన భాషలో ఒకదాని స్థానంలో ఒకటి వస్తూ ఉంటాయి. కొందరు మునగకాడ అంటారు, కొందరు ములగకాడ అంటారు. పులుసులో వేస్తే రుచి ఒకటే. అలాగే "చాలా" కొన్నిచోట్ల "చానా" అయింది. చేనును "సేను" అన్నట్లే, చానాలోని "చా" కూడా మెత్తబడి "శానా" అయింది. రాయలసీమలో ఈ రెండూ వినిపిస్తాయి. అంటే అవ్వ నోట ఉన్నది పుస్తకంలో ఉన్న మాటే! వేరే బాటన నడిచి వచ్చింది, అంతే.

"చాలా"కు ఇంకా తోబుట్టువులున్నారు. ఒక కుండలో నీళ్లు పోస్తున్నట్లు ఊహించండి. పోయగా పోయగా కుండ నిండుతుంది. ఆ "నిండు" నుంచి "నిండా" వచ్చింది. చిత్తూరు పక్క, తమిళ సరిహద్దు ఊళ్లలో "పెండ్లికి నిండా మంది వచ్చినారు" అంటారు. నిండిన తరువాత ఇంకా పోస్తే నీళ్లు మిగులుతాయి. "మిగులు" నుంచి "మిగుల" వచ్చింది. పాత పుస్తకాలలో "మిగుల సంతోషించెను" అని చదివారు కదూ! ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. "మిగుల ఆకలేస్తున్నది" అని మీ అమ్మతో ఒకసారి అని చూడండి, ఏమంటుందో!

అంతటితో ఆగారా మన పెద్దలు? "తెగు" అనే క్రియ నుంచి "తెగ" తెచ్చారు. తెగ తిన్నాడు, తెగ తిరిగాడు అంటే హద్దు తెగేటట్లు అన్నమాట. "విరుగు" నుంచి "విరగ" తెచ్చారు. "చింతచెట్టు విరగకాసింది" అన్నప్పుడు ఒకసారి ఆగి ఆ చెట్టును తలచుకోండి. కాయల బరువుకు కొమ్మలు విరిగేటట్లు కాసిందట! ఎంత బొమ్మ ఉంది ఆ చిన్న మాటలో!

ఈ కుండ లెక్క మనకొక్కరికే తట్టిందనుకోకండి. శ్రీకాళహస్తి వీధుల్లో తమిళనాడు యాత్రికులు "రొంబ" అనడం మీరు వినే ఉంటారు. "చాలా" అనడానికి వాళ్ల మాట అది. దాని పాత రూపం "నిరంబ", అంటే నిండేటట్లు! ఇంగ్లీషువాళ్లది మాత్రం వేరే దారి. వాళ్ల "వెరీ" అనే మాటకు పాత ఫ్రెంచి భాషలో "నిజమైన" అని అర్థం. తెలంగాణలో వినిపించే "మస్తు" పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ దాని అసలు అర్థం మత్తెక్కినదని.

మన "బాగా" సంగతి చెప్పకపోతే ఎట్లా? బాగు అంటే మంచి. కాని "పాలు బాగా విరిగిపోయాయి", "గోడ బాగా పాడైంది" అంటాం. పాడవడంలో బాగేమిటండీ? అయినా ఎవరూ నవ్వరు. "శానా" వింటే నవ్వేవాళ్లు కూడా నవ్వరు!

అన్నిచోట్లా "చాలా" ఒక్కటే వాడితే మాట చప్పబడుతుంది. చీకటికి కటిక చీకటి, చిమ్మచీకటి ఉన్నాయి. అబద్ధం పచ్చిది. ఎండ మండుటెండ. కలంకారీ పని చూశారా? అది శ్రీకాళహస్తికి పేరు తెచ్చిన విద్య. అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ రసంతో గుడ్డమీద కలంతో గీస్తారు. రసంలోని ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి గీత నల్లబడుతుంది. ఆ నలుపును "చాలా నలుపు" అంటే ఏం బాగుంటుంది? కారునలుపు అనాలి.

ఒకే మాటను రెండుసార్లు అని గట్టిచేయడం మరొక పద్ధతి. చివర చివర అనబోయి చిట్టచివర అంటాం. మొదటి మాటలో తొలి అక్షరం ఉంచి, మిగిలినవి తీసి, "ట్ట" చేరుస్తాం. మొట్టమొదట, నట్టనడుమ, పట్టపగలు, నిట్టనిలువు, అన్నీ అంతే. చిన్నయసూరి 1858లో వెలువడిన తన బాలవ్యాకరణంలో దీనికి సూత్రం రాశాడు. సూత్రం తెలియకుండానే మీరంతా రోజూ వాడుతున్నారు!

ఏ మాటా లేకుండా గొంతుతోనే గట్టిచేయడం కూడా ఉంది. శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం ఉండేది. అది 2010 మే 26న కూలిపోయింది. ఆ తరువాత అక్కడే కొత్త గోపురం కట్టారు. పాత గోపురం ఎంత ఎత్తుండేదని ఊళ్లో పెద్దవాళ్లనడగండి. "శా...నా ఎత్తు!" అని చెయ్యి పైకెత్తుతారు. ఆ సాగదీసిన అచ్చును ఏ పుస్తకంలోనూ సరిగా రాయలేం.

ఇక మన అబ్బాయి దగ్గరికి వద్దాం. పరీక్షలో "చాలా" అని రాయడమే మంచిది. ఎందుకంటే దూరాన శ్రీకాకుళంలో చదివేవాళ్లకు కూడా అది వెంటనే తెలుస్తుంది. కాని ఎర్రగీత చూసి నవ్విన పిల్లలకు ములగకాడ సంగతి చెప్పాలి. అవ్వకు చెప్పవలసింది మాత్రం ఏమీ లేదు.

వాడు ఆ వాక్యం మళ్లీ రాస్తే, "వానలు పడితే స్వర్ణముఖి నిండా పారుతుంది" అని రాయవచ్చు. అది పుస్తకాల మాట, అవ్వ మాట కూడా. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తేలి ఉండే నదికి ఆ మాట సరిగ్గా అతుకుతుంది. రాసింది అవ్వకొకసారి చదివి వినిపిస్తే, రెండో ముద్ద ఎట్లాగూ తప్పదు.